19 సార్లు వేస్తే ఒక్కటే పడింది... అయినా కప్పు వచ్చింది

అక్టోబర్ 20, 2024, ఆదివారం రాత్రి. బ్రూక్లిన్‌లోని బార్‌క్లేస్ సెంటర్‌లో 18,090 మంది జనం. న్యూయార్క్ లిబర్టీ, మిన్నెసోటా లింక్స్ జట్ల మధ్య డబ్ల్యూఎన్‌బీఏ ఫైనల్స్ ఐదో గేమ్. అప్పటికి చెరో రెండు గెలిచి ఉన్నారు. ఇది గెలిచినవాళ్లకే కప్పు. ఆ రాత్రి లిబర్టీ స్టార్ సబ్రీనా అయొనెస్కూ 19 సార్లు బుట్టలోకి బంతి వేసింది. పడింది ఒక్కటంటే ఒక్కటే. నాలుగు రోజుల క్రితమే 28 అడుగుల దూరం నుంచి వేసి మ్యాచ్ గెలిపించిన చెయ్యి అది! అయినా సరే, లిబర్టీ గెలిచింది. జట్టు పుట్టిన 28వ సీజన్‌లో మొదటి కప్పు.

మన గ్రూపుల్లో క్రికెట్ గురించి రాస్తే చదివేవాళ్లు చాలామంది. బాస్కెట్‌బాల్ అనగానే "మా వాడు ఆడతాడు, నాకేం తెలియదు" అంటారు. మనం చదువుకున్న బళ్లలో ఆడపిల్లలకి ఖోఖో, త్రోబాల్, టెన్నికాయిట్ దాటి పీటీ పీరియడ్ ఎక్కడ వెళ్లింది గనక! అందుకని రెండు ముక్కల్లో చెప్తాను, తెలిసినవాళ్లు ఈ పేరా దాటేయండి. పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. సమానంగా నిలిస్తే ఇంకో ఐదు నిమిషాలు, అదే ఓవర్‌టైమ్. గీత లోపల నుంచి వేస్తే 2 పాయింట్లు, గీత బయట నుంచి వేస్తే 3, ఎదుటివాళ్లు తప్పుగా అడ్డుకుంటే వచ్చే ఫ్రీ త్రోకి 1. 2024లో 12 జట్లు, ఒక్కో జట్టుకి 40 మ్యాచ్‌లు. వాటిలో పైన ఉన్న 8 జట్లు ప్లేఆఫ్స్‌కి. మొదటి రౌండులో మూడింట రెండు గెలవాలి, ఆ తర్వాత సెమీస్‌లో, ఫైనల్స్‌లో ఐదింట మూడు. అంతే, ఇక మిగతాది చూస్తూ ఉంటే అదే వచ్చేస్తుంది.

2024లో అందరి నోటా కెయిట్లిన్ క్లార్క్ పేరే. ఇండియానా ఫీవర్‌కి ఆడే ఆ కొత్తమ్మాయి వల్ల టీవీ చూసేవాళ్లు పెరిగిన మాట నిజమే. కానీ నేను చెప్పాలనుకుంటున్న కథ ఒక్క మనిషిది కాదు. లిబర్టీ కథ పూర్తిగా అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1997లో ఈ లీగ్ మొదలైనప్పుడు ఉన్న ఎనిమిది జట్లలో లిబర్టీ ఒకటి. మొదటి ఏడాదే ఫైనల్ ఆడారు, ఓడారు. 1999లో మళ్లీ. ఆ ఏడాది రెండో గేమ్‌లో టెరీసా వెదర్‌స్పూన్ ఆఖరి క్షణంలో కోర్టు సగం దూరం నుంచి బంతి విసిరితే బుట్టలో పడింది. ఆ షాట్ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ మర్నాడు మూడో గేమ్ గెలిచి కప్పు తీసుకెళ్లింది హ్యూస్టన్. 2000లో ఓటమి, 2002లో ఓటమి. ఆడేది మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, జనానికి కొదవ లేదు, కప్పే రాలేదు.

తర్వాత అసలు కష్టాలు. అప్పటి యజమాని జట్టుని అమ్మకానికి పెట్టి, 2018లో మాన్‌హాటన్ నుంచి తీసుకెళ్లి వైట్ ప్లెయిన్స్‌లో 5 వేల మంది పట్టే పాత హాల్లో పెట్టాడు. అమ్మేయాలనుకున్న ఇంటికి సున్నం కూడా కొట్టించరు కదా, అలా ఉండేది వాళ్ల పరిస్థితి. 2019లో జో సాయ్, క్లారా వూ సాయ్ దంపతులు కొన్నారు. బ్రూక్లిన్‌కి మారదామనుకునేసరికి 2020లో కోవిడ్. సీజన్ మొత్తం ఫ్లోరిడాలో బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా ఆడించారు. ఆ ఏడాదే డ్రాఫ్ట్‌లో మొదటి పేరుగా సబ్రీనా వచ్చింది. మూడో మ్యాచ్‌లోనే చీలమండ దెబ్బతిని ఆమె సీజన్ అయిపోయింది. ఆ సీజన్‌లో లిబర్టీ 22 మ్యాచ్‌లు ఆడితే గెలిచింది 2. అవును, రెండే.

అక్కడి నుంచి నాలుగేళ్లలో 32 గెలుపులు, 8 ఓటములతో లీగ్‌లో మొదటి స్థానం! ఎలాగంటే, 2023 మొదట్లో మూడు పెద్ద పేర్లు ఒకేసారి వచ్చాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ దగ్గర పెరిగిన బ్రియానా స్టూవర్ట్, బహామాస్ అమ్మాయి జాంక్వెల్ జోన్స్, అనుభవం ఉన్న గార్డ్ కోర్ట్‌నీ వాండర్‌స్లూట్. అప్పటి కోచ్ శాండీ బ్రాండెల్లో ఆస్ట్రేలియా ఆవిడ. భర్త ఓలాఫ్ లాంగె జర్మన్, అప్పుడు అదే జట్టులో ఆవిడ కింద అసిస్టెంట్ కోచ్. (ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో నాకు తెలియదు గానీ కోర్టు పక్కన మాత్రం ఆవిడదే.) 2023లోనే ఫైనల్‌కి వెళ్లారు. బ్రూక్లిన్‌లో నాలుగో గేమ్, 70-69తో లాస్ వేగాస్ చేతిలో ఒక్క పాయింట్ తేడాతో పోయింది. ఆఖరి బంతి వేసి తప్పింది వాండర్‌స్లూట్. ఫైనల్స్‌లో అది ఐదో ఓటమి.

కాబట్టి 2024 సీజన్ మే నెలలో మొదలైనప్పుడు వీళ్ల మనసులో ఉన్నది ఆ ఒక్క పాయింటే.

ఈ జట్టులో ఎవరి ఊరు ఏదో చూస్తే మనకి దగ్గరగా అనిపిస్తుంది. జాంక్వెల్ జోన్స్ బహామాస్‌లోని ఫ్రీపోర్ట్‌లో పెరిగింది. బాస్కెట్‌బాల్ కోసం 14 ఏళ్లకి అమ్మానాన్నలని వదిలి మేరీల్యాండ్ వచ్చేసింది. పధ్నాలుగేళ్లు! మనవాళ్లు ఇంటర్ హాస్టల్లో వేసినప్పుడే రెండు వారాలు ఏడ్చినవాళ్లం. సబ్రీనా పుట్టింది కాలిఫోర్నియాలోనే, కానీ వాళ్ల నాన్న రొమేనియాలో విప్లవం జరిగిన రోజుల్లో దేశం వదిలి వచ్చాడు. భార్యాబిడ్డలు వచ్చి కలుసుకోడానికి కొన్నేళ్లు పట్టింది. వీసా తేదీల కోసం క్యాలెండర్ చూసుకుంటూ బతికిన ఇల్లు ఎలా ఉంటుందో ఈ పత్రిక చదివేవాళ్లకి నేను వివరించక్కర్లేదు. నయారా సాబల్లీ తల్లి జర్మనీ, తండ్రి గాంబియా. లియోనీ ఫీబిష్‌ది జర్మనీ, స్పెయిన్‌లో ఆడుతూ 24 ఏళ్లకి 2024లోనే మొదటిసారి అమెరికా లీగ్‌కి వచ్చింది. ఆఖరికి జట్టు బొమ్మ, పొడుగు జడ వేసుకుని డాన్సులు చేసే ఎల్లీ ఏనుగు పేరు కూడా ఎల్లిస్ ఐలాండ్ నుంచి వచ్చిందే. ఒకప్పుడు ఓడల మీద వచ్చిన వలసజనం దిగిన దీవి అది. ఏనుగే ఎందుకంటే, 1884లో బ్రూక్లిన్ బ్రిడ్జి గట్టిదని జనానికి నమ్మకం కలిగించడానికి సర్కస్ బార్నమ్ 21 ఏనుగులని దాని మీద నడిపించాడట. పిల్లలకి ఆట కంటే ఎల్లీయే ఇష్టం, ఆ మాట దాచేదేముంది.

ఇంకో సంగతి. స్టూవర్ట్, జోన్స్, వాండర్‌స్లూట్ ముగ్గురూ చలికాలంలో రష్యా వెళ్లి ఎకతెరిన్‌బర్గ్ క్లబ్బుకి ఆడినవాళ్లే. ఎందుకు? ఇక్కడి జీతం చాలక. 2024లో డబ్ల్యూఎన్‌బీఏలో ఒక మనిషికి ఇవ్వగలిగిన అతి పెద్ద జీతం 2,41,984 డాలర్లు. కొత్తగా వచ్చినవాళ్లకి కనీసం 64,154. అదే మగవాళ్ల ఎన్‌బీఏలో బెంచీ మీద ఆఖరున కూర్చునే కొత్త కుర్రాడికి కనీస జీతమే 10 లక్షల డాలర్లు దాటుతుంది. అందుకే సెప్టెంబరులోనో అక్టోబరులోనో ఇక్కడ సీజన్ అవగానే ఆడవాళ్లు పెట్టె సర్దుకుని రష్యాకో, టర్కీకో, చైనాకో వెళ్లి ఇంకో సీజన్ ఆడి వచ్చేవారు. ఊళ్లో ఉద్యోగం ఉన్నా ఇల్లు గడవక గల్ఫ్‌కి నర్సులుగా వెళ్లినవాళ్లం మన గ్రూపుల్లోనే ఎంతమందిమి! స్టూవర్ట్ 2019లో అలా యూరప్‌లో ఆడుతూనే మడమ నరం తెగి, ఇక్కడి సీజన్ మొత్తం పోగొట్టుకుంది. 2022లో రష్యాలో బ్రిట్నీ గ్రైనర్ అరెస్టు సంగతి అందరికీ తెలిసిందే.

ప్రయాణాల సంగతి ఇంకా విడ్డూరం. మొన్నమొన్నటి దాకా ఈ లీగ్ ఆటగత్తెలు మామూలు విమానాల్లో మనతో పాటు లైన్లో నిలబడి వెళ్లాల్సిందే. ఆరడుగుల ఆరంగుళాల జోన్స్ ఎకానమీ సీట్లో మోకాళ్లు ఎక్కడ పెట్టుకుంటుందో ఆలోచించండి. 2021లో లిబర్టీ యజమానులు జట్టుకి ప్రత్యేక విమానం ఏర్పాటు చేశారు. మెచ్చుకోవాలి కదా? లీగ్ 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. మిగతా యజమానులు పెట్టలేని ఖర్చు నువ్వు పెడితే అన్యాయం అట! పనిచేసేవాళ్లకి మంచి జరిగితే జరిమానా వేసే న్యాయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఏదైతేనేం, 2024 సీజన్ నుంచి లీగే అన్ని జట్లకీ ప్రత్యేక విమానాలు పెట్టింది. ఆ సీజన్‌లో ఆట బాగుందంటే అందులో నిద్ర పాత్ర కూడా ఉందని నైట్ డ్యూటీలు చేసే మనిషిగా నా నమ్మకం.

సీజన్ మొదటి సగం హాయిగా నడిచింది. జూన్‌లో ఒక చిన్న దెబ్బ. లీగ్ మధ్యలో జరిగే కమిషనర్స్ కప్ ఫైనల్లో మిన్నెసోటా 94-89తో ఓడించింది. సీజన్ ముందు ఆ జట్టు ఇంత దూరం వస్తుందని పెద్దగా ఎవరూ అనుకోలేదు. అదే నెలలో వాండర్‌స్లూట్ వాళ్ల అమ్మ క్యాన్సర్‌తో చనిపోయింది. ఆఖరి రోజుల్లో పక్కన ఉండడానికి ఆమె జట్టుని వదిలి వెళ్లింది, తర్వాత తిరిగొచ్చి ఆడింది. టికెట్ దొరికి, లీవు దొరికి, చివరి చూపు దక్కడం ఎంత పెద్ద విషయమో మనకి తెలుసు. జులై, ఆగస్టుల్లో ఒలింపిక్స్ కోసం ఆట ఆపారు. పారిస్‌లో స్టూవర్ట్, సబ్రీనా అమెరికాకి ఆడి 67-66తో ఫ్రాన్స్ మీద బంగారు పతకం తెచ్చుకున్నారు. కోచ్ శాండీ సొంత దేశం ఆస్ట్రేలియాకి కంచు తెచ్చింది. ఫీబిష్, సాబల్లీ జర్మనీకి ఆడారు. ఎవరూ విశ్రాంతి తీసుకోలేదు!

సెప్టెంబర్ చివర ప్లేఆఫ్స్ వచ్చేసరికి కోచ్ ఒక కఠినమైన పని చేసింది. ఏళ్ల అనుభవం ఉన్న వాండర్‌స్లూట్‌ని బెంచీ మీదకి పంపి, కొత్తగా వచ్చిన ఫీబిష్‌ని మొదటి ఐదుగురిలోకి తీసుకుంది. అమ్మ పోయిన ఏడాదిలో ఆ మాట వినాల్సి రావడం ఎంత కష్టం! వాండర్‌స్లూట్ అలిగిందని గానీ, మొహం మాడ్చుకుందని గానీ ఎక్కడా కనపడలేదు. ఫీబిష్ ఆ మొదటి మ్యాచ్‌లోనే అట్లాంటా మీద 21 పాయింట్లు వేసింది. అట్లాంటాని 2-0తో, 2023లో ఏడిపించిన లాస్ వేగాస్‌ని 3-1తో ఇంటికి పంపారు.

ఫైనల్స్‌లో మళ్లీ మిన్నెసోటా.

మొదటి గేమ్ బ్రూక్లిన్‌లో. లిబర్టీ ఒక దశలో 18 పాయింట్ల ఆధిక్యంలో ఉంది. టీవీ కట్టేసి పడుకోవచ్చు అనిపించే స్థితి. అలాంటిది చివరి ఐదు నిమిషాల్లో కరిగిపోయింది. మిన్నెసోటా అమ్మాయి కోర్ట్‌నీ విలియమ్స్ మూడు పాయింట్ల షాట్ వేస్తూ ఫౌల్ కూడా సంపాదించి, ఒకే దెబ్బకి నాలుగు పాయింట్లు తెచ్చింది. 0.8 సెకన్లు మిగిలి ఉండగా స్టూవర్ట్‌కి రెండు ఫ్రీ త్రోలు. రెండూ పడితే గెలుపే. ఒకటి పడింది, ఒకటి తప్పింది. ఓవర్‌టైమ్ ఆఖర్లో దగ్గర నుంచి వేసినదీ తప్పింది. 95-93, మిన్నెసోటా గెలుపు. ఆ తర్వాత స్టూవర్ట్ ఇంటికి, ఆమె జీవిత భాగస్వామి మార్తా షార్గేకి చంపుతామని బెదిరిస్తూ ఈమెయిల్ వచ్చింది. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. పోలీసుల దాకా వెళ్లింది ఆ సంగతి. బంతి బుట్టలో పడనందుకు పిల్లల తల్లిని చంపుతామనడం ఏమిటో! స్టూవర్ట్ ఆ విషయం దాచకుండా బయటికి చెప్పింది, మంచి పని చేసింది.

రెండో గేమ్ 80-66, లిబర్టీది. మూడోది మిన్నియాపొలిస్‌లో. 15 పాయింట్లు వెనకపడ్డారు. బెదిరింపులు అందుకున్న ఆ స్టూవర్టే 30 పాయింట్లు వేసి లాక్కొచ్చింది. సమానంగా ఉన్నప్పుడు, ఒక్క సెకను మిగిలి ఉండగా సబ్రీనా 28 అడుగుల నుంచి వేసింది. 80-77. నాలుగోది అటు. బ్రిడ్జెట్ కార్ల్‌టన్ రెండు సెకన్లు మిగిలి ఉండగా వేసిన ఫ్రీ త్రోలతో 82-80, మిన్నెసోటాది.

ఇక ఐదో గేమ్. చూడముచ్చటగా ఉందా అంటే లేదు. రెండు జట్లూ అలిసిపోయాయి, బంతులు బుట్ట అంచుకి కొట్టుకుని బయటికి వస్తున్నాయి. లిబర్టీ మొదటి సగంలో 12 పాయింట్లు వెనకపడింది. సబ్రీనా వేస్తోంది, తప్పుతోంది. మళ్లీ వేస్తోంది, మళ్లీ తప్పుతోంది. ఇలాంటప్పుడు మామూలుగా ఎవరైనా చేసేది రెండిట్లో ఒకటి. వేయడం మానేసి దాక్కోవడం, లేకపోతే పౌరుషానికి పోయి అందరి బంతులూ తానే వేసేయడం. ఆమె రెండూ చేయలేదు. ఖాళీ దొరికితే వేసింది, లేకపోతే పక్కవాళ్లకి అందించింది, బంతి తప్పిన ప్రతిసారీ వెనక్కి పరిగెత్తి కాపలా కాసింది.

అప్పుడు బెంచీ మీద నుంచి వచ్చింది నయారా సాబల్లీ. మోకాలి దెబ్బలతో 2022 సీజన్ మొత్తం ఆడలేకపోయిన అమ్మాయి. ఆ సిరీస్‌లో అప్పటిదాకా ఆమె పేరు ఎవరి నోటా పెద్దగా వినపడలేదు. ఆ రాత్రి 13 పాయింట్లు. ఫీబిష్ 13. స్టూవర్ట్ 13 పాయింట్లతో పాటు 15 సార్లు బంతి రీబౌండ్ అందుకుంది. జోన్స్ 17. సబ్రీనా 5.

5.2 సెకన్లు మిగిలి ఉండగా మిన్నెసోటా 60, లిబర్టీ 58. స్టూవర్ట్ బుట్ట వైపు వెళ్తుంటే రిఫరీ ఫౌల్ అన్నాడు. మిన్నెసోటా కోచ్ షెరిల్ రీవ్ వీడియో చూడమంది, చూశారు, తీర్పు మారలేదు. మ్యాచ్ అయ్యాక ఆవిడ ఈ కప్పు మా దగ్గర దొంగిలించారు అన్నంత మాట అంది. నేను ఆ క్లిప్ చాలాసార్లు చూశాను. నా మటుకు నాకు అది చాలా పల్చని ఫౌల్. మనవైపు ఇచ్చారు కాబట్టి ఊరుకున్నాం గానీ, అటు ఇచ్చి ఉంటే బ్రూక్లిన్ అంతా గోల గోలయ్యేది. ఆవిడ కోపంలో న్యాయం ఉంది. అయితే ఆ ఫ్రీ త్రోలు వేయాల్సింది ఎవరు? పది రోజుల క్రితం అదే కోర్టులో గెలిపించే ఫ్రీ త్రో తప్పిన స్టూవర్ట్. రెండూ వేసింది. 60-60.

ఓవర్‌టైమ్ మొదలవగానే ఫీబిష్ మూడు పాయింట్ల షాట్. వెంటనే సాబల్లీ ఎదుటివాళ్ల బంతి లాక్కుని ఒంటరిగా పరిగెత్తి వేసేసింది. 65-60. ఆ ఐదు నిమిషాల్లో మిన్నెసోటాకి వచ్చినవి రెండే పాయింట్లు. 67-62. అయిపోయింది. ఫైనల్స్ ఎంవీపీ జాంక్వెల్ జోన్స్. కనెటికట్ జట్టుతో 2019లో, 2022లో, లిబర్టీతో 2023లో, మూడుసార్లు ఫైనల్లో ఓడిన మనిషి. బహామాస్ నుంచి ఆ గౌరవం అందుకున్న మొదటి ఆడమనిషి ఆమే.

న్యూయార్క్ నగరం ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్లో ఎన్‌బీఏ కప్పు చూసింది 1973లో నిక్స్‌తో. మగవాళ్లు 51 ఏళ్లుగా తేలేనిది ఆడవాళ్లు తెచ్చారు. అక్టోబర్ 24న దిగువ మాన్‌హాటన్‌లో ఊరేగింపు జరిగింది, కాగితపు ముక్కల వాన కురిపించే పాత పద్ధతిలో. బ్యాటరీ పార్క్ నుంచి సిటీ హాల్ దాకా రోడ్డుకి రెండు పక్కలా జనం. చంకలో పిల్లలతో తల్లులు, ముసలివాళ్లు, 1997 నాటి చొక్కాలు వేసుకొచ్చినవాళ్లు.

నవంబర్లో ఇంకో వార్త వచ్చింది. సబ్రీనా బంతి వేసే కుడిచేతి బొటనవేలికి ఆపరేషన్ అయింది. కీలు పక్కన ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్ చిరిగింది, అదీ ఫైనల్స్‌లో. ఆర్థో వార్డులో పనిచేసినవాళ్లని అడగండి, ఆ దెబ్బతో సీసా మూత తిప్పడమే నరకం, తాళంచెవి తిప్పాలన్నా చెయ్యి జివ్వుమంటుంది. బంతికి చివరి క్షణంలో దారి చూపేది ఆ చెయ్యే. 19లో ఒకటి అని నవ్వినవాళ్లు ఈ వార్త చదివారో లేదో మరి.

కప్పు గెలిచిన మర్నాడే, అంటే అక్టోబర్ 21న, ఆటగత్తెల సంఘం యాజమాన్యాలతో ఉన్న జీతాల ఒప్పందం నుంచి ముందుగానే బయటికి వచ్చేస్తున్నామని ప్రకటించింది. గెలిచినవాళ్లు, ఓడినవాళ్లు అందరూ ఒకే మాట మీద. ఆ వేసవిలోనే లీగ్ టీవీ హక్కులకి 11 ఏళ్లకి దాదాపు 220 కోట్ల డాలర్ల బేరం కుదిరింది. ఆ డబ్బులో మా వాటా ఎంత అన్నది వాళ్ల ప్రశ్న. అప్పటి ఒప్పందం 2025 అక్టోబర్ దాకా నడవాల్సింది, ఆలోగా కొత్తది కుదరాలన్నది లెక్క. సూది మందు దగ్గర నుంచి సీనియారిటీ దాకా ప్రతిదానికీ యూనియన్ మీటింగుల్లో కూర్చున్న నర్సులకి ఈ బేరం ఎంత సాగుతుందో తెలుసు.

ఈలోగా ఒక మంచి పని జరిగింది. ఫైనల్లో ఎదురెదురుగా ఆడిన స్టూవర్ట్, మిన్నెసోటా స్టార్ నఫీసా కాలియర్ స్నేహితులు, ఇద్దరూ చిన్నపిల్లల తల్లులు. ఇద్దరూ కలిసి అన్‌రైవల్డ్ అని ముగ్గురేసి ఆడే కొత్త లీగ్ పెట్టారు. 2025 జనవరిలో మయామీలో మొదలైంది. చలికాలం డబ్బు కోసం దేశం దాటి వెళ్లక్కర్లేకుండా, పిల్లల్ని వదలక్కర్లేకుండా ఇక్కడే ఆడుకోవచ్చని. ఆడేవాళ్లకి అందులో వాటా కూడా ఇచ్చారు.

లిబర్టీ కొత్త సీజన్ మళ్లీ మే నెలలో. న్యూజెర్సీ వైపు ఉన్నవాళ్లు పెన్ స్టేషన్ దాకా ట్రైన్‌లో వచ్చి, అక్కడ 2 నంబరో 3 నంబరో సబ్‌వే ఎక్కితే నేరుగా బార్‌క్లేస్ సెంటర్ గుమ్మం ముందే దిగుతారు. 2024లో మ్యాచ్‌కి సగటున 12 వేల పైనే వచ్చారు, కప్పు వచ్చాక టికెట్లు ఇంకా గిరాకీ. కాబట్టి ఎవరెవరు వస్తారో గ్రూపులో ముందే పేర్లు ఇవ్వండి, పదిమందిమి అయితే ఒకే వరసలో సీట్లు చూద్దాం. పులిహోర డబ్బాలు మాత్రం ఇంట్లోనే వదిలేయండి, లోపలికి తేనివ్వరు.